ఒక డబ్బా ఎర్ర రంగు

విల్లో ఫోర్క్‌లో స్టాడర్డ్ వాళ్ళ పెద్దకోడలు నెడ్రా మాట పడే మనిషి కాదు. ఆ సంగతి ఊరందరికీ తెలుసు, ఊరందరికంటే బాగా ఆవిడ మొగుడు థేన్‌కి తెలుసు. అరవై దాటాయి, మోకాళ్ళు మొరాయిస్తున్నాయి, అయినా ఎవరైనా ఒక్క మాట తేలిగ్గా అన్నారంటే ఇంతెత్తున లేస్తుంది. అలాంటి మనిషిని పట్టుకుని స్వయానా తోడికోడలు గ్లెన్నా, ఆస్పత్రి వరండాలో నలుగురి ముందూ "నువ్వు అబద్ధాలకోరువక్కా" అనేసింది. అది జరిగి మూడేళ్ళు. అప్పట్నుంచి నెడ్రా మరిదింటి గడప తొక్కలేదు.

గొడవంతా ఓ ఎర్ర బండి గురించి.

థేన్, అతని తమ్ముడు ఆర్లో, పెళ్ళిళ్ళు కాకముందే ఒకే రోజు ఒకే కొట్లో అచ్చం ఒకేలాంటి రెండు కొండదారి మోటారు సైకిళ్ళు కొనుక్కున్నారు. చిన్నవి, తేలికైనవి, ఎర్రవి. రోడ్డు మీద షికారుకి కాదు, పైన్ చెట్ల సందుల్లోంచీ వాగుల్లోంచీ రాళ్ళ మీదుగా కొండెక్కడానికి. ఏటా జులైలో కనుమ మీద మంచు కరిగిందని కబురు రాగానే స్టాడర్డ్ కుటుంబమంతా పిల్లాజెల్లాతో బండ్లేసుకుని పైనున్న సరస్సుకి పోవడం ఆ ఇంటి ఆనవాయితీ. అందరికంటే ముందు థేన్, అందరికంటే వెనక ఆర్లో. ఆ చివరి బండిని వాళ్ళు తోక బండి అంటారు. ఎవరు పడ్డా లేపాల్సింది, ఎవరి చైను ఊడినా ఎక్కించాల్సింది, ఏడ్చే పిల్లల చేతిలో చాక్లెట్టు పెట్టాల్సింది తోక బండే. ఇక దారి చీలిన ప్రతిచోటా ముందు పోయేవాళ్ళు ఆగాలి, తన వెనక బండి కళ్ళబడితేగాని కదలకూడదు. మామగారు పెట్టిన నియమం అది. ఆయన పోయినా నియమం పోలేదు.

రెండిళ్ళ బండ్ల కాగితాలూ నెడ్రానే చూసేది. గ్లెన్నాకి ఫారం అంటేనే తలనొప్పి. ఏటేటా కౌంటీ ఆఫీసు నుంచి రిజిస్ట్రేషను స్టిక్కర్లు తెచ్చి అతికించడం నెడ్రా పని. ఇన్సూరెన్సు దగ్గరే ఇద్దరికీ కుదిరేది కాదు. అడవిలో తిరిగే బండికి ఇన్సూరెన్సేమిటని లోయలో సగం మంది నవ్వేవాళ్ళు, ఆ నవ్వేవాళ్ళలో ఆర్లో మొదటివాడు. చెట్టుని గుద్దితే చెట్టు కేసు పెడుతుందా వదినా అని వేళాకోళమాడి, తన బండికి కట్టనిచ్చేవాడు కాదు. నెడ్రా మాత్రం తమ బండ్లకి ఒక్క ఏడూ మానలేదు. ఎవరు నడిపినా వర్తించే పాలసీ ఏరికోరి తీసుకుంది.

మూడేళ్ళ కిందటి జులైలో, సరిగ్గా బయల్దేరే పొద్దున ఆర్లో బండి ఎంత తన్నినా స్టార్టవలేదు. థేన్ తన ఎర్ర బండి తమ్ముడికిచ్చి, తను కొడుకు బండెక్కాడు. గ్లెన్నాకి ఏం తోచిందో ఏమో, దీనికి ఇన్సూరెన్సు ఉందా అక్కా అని అడిగింది. ఉంది, నేనే కట్టాను, నిశ్చింతగా ఉండమంది నెడ్రా. ఆ మధ్యాహ్నమే వాగు పైన వదులు రాళ్ళలో ఆర్లో జారిపడ్డాడు. బండి మీద పడి తుంటి విరిగింది. హెలికాప్టరొచ్చి ఎత్తుకుపోయింది. ఇన్సూరెన్సు వాళ్ళు రెండు ముక్కల్లో తేల్చేశారు: దెబ్బ తగిలిన బండీ మా పాలసీలో ఉన్న బండీ ఒకటి కాదు.

నెడ్రా ఫోన్లో వాళ్ళని ఏకిపారేసింది. ఎగ్గొట్టడానికి ఎత్తులేస్తున్నారా అంది. వాళ్ళు పంపిన ఉత్తరం పై రెండు వాక్యాలు చదివి, పళ్ళు నూరుకుంటూ పొయ్యిలో వేసింది. గ్లెన్నాకి మాత్రం ఒకటే అర్థమైంది. కట్టలేదు, కట్టానని అబద్ధమాడింది. ఆ మాటే వరండాలో అనేసింది. నెడ్రా దగ్గర రసీదులున్నాయి, తెచ్చి చూపించొచ్చు. అబ్బే. అబద్ధాలకోరు అన్నదాని ముందు రసీదులు పరుచుకోవడానికి నేనేం దొంగనా అని భీష్మించుకు కూర్చుంది. ఆస్పత్రి ఖర్చుకి ఆర్లో ఆవుల్ని అమ్మేశాడు. గ్లెన్నా బడి వంటగదిలో పనికి కుదిరింది. ఆదివారం చర్చిలో వీళ్ళు ఈ కొసన, వాళ్ళు ఆ కొసన. అన్నదమ్ములు మాత్రం దాణా కొట్లో కలిస్తే గడ్డి కోతల గురించి రెండు మాటలాడుకుని, ఇళ్ళకొచ్చి ఆ సంగతి భార్యల దగ్గర దాచేవాళ్ళు.

ఎర్ర బండి థేన్ షెడ్డులో టార్పాలిన్ కింద పడి ఉంది. దానికి మళ్ళీ స్టిక్కరు తేలేదు. ఇన్సూరెన్సు మాత్రం నెడ్రా కడుతూనే ఉంది. కదలని బండికి ఎందుకే అని థేన్ ఒకసారి అడిగితే, నా ఇష్టం అంది. కట్టడం మానేస్తే ఎప్పుడూ కట్టనట్టే అవుతుందని ఆవిడ భయం. ఆ మాట పైకి చెబుతుందా మరి?

ఈ ఏడు మనవరాలు మార్లీకి పన్నెండు నిండాయి. కొండదారిలో బండి నడిపే పిల్లలకి పెట్టే క్లాసుకి పోయి, పరీక్ష పాసై, ఆ కార్డు ఫ్రిజ్ తలుపుకి అంటించింది. తాత షెడ్డులో ఉన్న ఎర్ర బండి తనదేనంది. మనవరాలు అడగడమూ థేన్ కాదనడమూనా? వంగిన హ్యాండిలు సరిచేశాడు, టైర్లు మార్చాడు, ఇంజను విప్పి బిగించాడు. తీరా అంతా అయ్యాక ఆ పిల్ల మెలిక పెట్టింది.

"తోక బండి చిన్న తాతయితేనే నేనొస్తా నానమ్మా. లేకపోతే నాకొద్దు."

మీ నాన్న ఉంటాడు కదే వెనకాల, అని నెడ్రా బుజ్జగించబోయింది.

"నాన్న దారి చూసుకుంటాడు. చిన్న తాత నన్ను చూస్తాడు."

ఆ పిల్లకి బండి నేర్పింది ఆర్లోనే. తొమ్మిదేళ్ళప్పుడు తన పచ్చికలో, సీటు పట్టుకుని వెనకాలే పరుగెడుతూ నేర్పాడు. ఆ పరుగు ఇప్పుడతనికి లేదు. నెడ్రాకి ఒళ్ళు మండింది, మరిది మీద జాలి కూడా కలిగింది. రెండిటిలో మంటే ఆవిడకి అలవాటు కాబట్టి, నీ ఇష్టమొచ్చినట్టు చావు అని లోపలికి పోయింది. పోయి, రాత్రంతా పక్క మీద దొర్లింది. ఆ పిల్ల మాట మీద నిలబడే రకం. ఎవరి పోలికో వేరే చెప్పక్కర్లేదు. ఈ ఏడు రానంటే రాదు, వచ్చే ఏడు పదమూడొస్తాయి, ఆ తర్వాత స్నేహితులు, ఫోన్లు, ఇక ముసలివాళ్ళ వెంట కొండెక్కడానికి ఎవరొస్తారు? స్టాడర్డ్ వాళ్ళ ఆనవాయితీ తన పంతంతోనే ముగిసిపోతుందేమోనని మొదటిసారి నెడ్రాకి గుబులు పుట్టింది.

గుబులు పుడితే ఆవిడ కాగితాల పని పెట్టుకుంటుంది. మర్నాడు పొద్దున్నే ఎర్ర బండిని పికప్పులో ఎక్కించి, స్టిక్కరు కోసం థేన్‌ని వెంటబెట్టుకుని కౌంటీ ఆఫీసుకి బయల్దేరింది.

కౌంటరు దగ్గర ట్విలా అనే ఆవిడుంది. ముప్పై ఏళ్ళుంటాయి, నములుతున్న బబుల్‌గమ్ ఆపదు, పని మాత్రం చకచకా చేస్తుంది. ఈ బండికి చాలాకాలంగా స్టిక్కరు లేదు కాబట్టి దాని మీద నంబరు ఒకసారి కళ్ళారా చూడాలంది. చూసుకో తల్లీ అంది నెడ్రా. ముగ్గురూ బయటికొచ్చారు. ట్విలా పికప్పు వెనక్కెక్కి, హ్యాండిలు కింద బండి మెడ దగ్గర తడిమింది. అక్కడ రంగు దళసరిగా పేరుకుపోయి ఉంది. జేబులోంచి తాళం తీసి గీకింది. ఎర్ర పొట్టు రాలింది. ఒక్కో అంకే కాగితంతో సరిచూసి, చివరికొచ్చేసరికి నమలడం ఆపింది.

"నెడ్రా గారూ, ఇది మీ బండి కాదండీ."

నా బండి కాకపోతే నీ బండా అని నెడ్రా విసుక్కుంది. ట్విలా కోపం తెచ్చుకోలేదు. చివరి అంకె ఒక్కటే తేడా, మిగతావన్నీ సరిపోయాయంది. లోపలికి పోయి కంప్యూటరులో చూసి, నవ్వాపుకుంటూ తిరిగొచ్చింది.

"ఇది ఆర్లో స్టాడర్డ్ గారి పేర బండండీ. మీ మరిది బండి ఎత్తుకొచ్చేశారేంటి?"

నెడ్రా మొగుడి వైపు తిరిగింది. థేన్ టోపీ తీసి బుర్ర గోక్కుంటున్నాడు. అలా గోక్కున్నాడంటే ఏదో వెధవపని గుర్తొచ్చిందని నలభై ఏళ్ళ కాపురంలో ఆవిడ నేర్చుకుంది. ఏం చేశారు మీరిద్దరూ అని గద్దించింది.

పెద్దగా ఏం చేయలేదు పాపం. పెళ్ళిళ్ళయిన కొత్తలో ఓ చలికాలం, పనేమీ తోచక, అన్నదమ్ములిద్దరూ రెండు బండ్లనూ ఒకే షెడ్డులో నట్టు నట్టూ విప్పారు. ఛాసిస్‌లు రెంటినీ ఒకే దూలానికి వేలాడదీశారు. ఒక డబ్బా ఎర్ర రంగు కొని రెంటికీ పూసేశారు, డబ్బాలో చుక్క మిగలకుండా, నంబర్లూ గింబర్లూ చూడకుండా. పొద్దున లేచి, ఎవరికి దగ్గరున్నది వాళ్ళు దింపుకుని బిగించుకున్నారు. ఎవరి టాంకు వాళ్ళదే, ఎవరి సీటు వాళ్ళదే, ఎవరి ఇంజను వాళ్ళదే. అడుగున్న ఎముకల గూడు మాత్రం ఒకరిది ఒకరికి పోయింది. బండి ఎవరిదంటే చట్టం అడిగేది ఆ గూటినే అని వాళ్ళకేం తెలుసు? తెలిసినా పట్టించుకునే వయసా అది?

నెడ్రా పికప్పు వెనక దించి ఉన్న తలుపు మీద కూలబడింది. ఆవిడకి ఒక్కొక్కటే అర్థమవుతోంది. ఇన్సూరెన్సు వాళ్ళు మోసం చేయలేదు. ఆర్లో పడ్డ బండి నిజంగానే తను కట్టిన బండి కాదు. తను అబద్ధం చెప్పలేదు. కానీ గ్లెన్నా అన్నదీ నిజమే, ఆ బండికి ఇన్సూరెన్సు లేదు. ఇంకొకటి, అన్నిటికంటే చేదుది. వాళ్ళ ఉత్తరంలో ఆ నంబరు ఉండే ఉంటుంది. కింద దాకా చదివుంటే మూడేళ్ళ కిందటే తెలిసేది.

ట్విలా మర్యాదగా చెప్పింది, ఇదేం పెద్ద చిక్కు కాదు, ఇద్దరూ వచ్చి ఒకరి బండి ఒకరికి రాసిచ్చుకుంటే అరగంట పని. ఇద్దరూ రావాలి మరి. అంతే.

దారిలో థేన్ మెల్లగా అన్నాడు, పోనీ మార్లీకి వేరే చిన్న బండి కొనేద్దామా అని. ఇంటి మలుపు వచ్చింది. అతను ఇండికేటరు వేశాడు.

"తిన్నగా పోనీ," అంది నెడ్రా.

"తిన్నగా అంటే..."

"మీ తమ్ముడింటికి. మళ్ళీ అడిగావంటే మనసు మార్చుకుంటా."

థేన్ మళ్ళీ అడగలేదు. దారి పొడుగునా నెడ్రా మనసులో ఉపన్యాసం తయారుచేసుకుంది. నేను అబద్ధం చెప్పలేదు గ్లెన్నా, నీ మొగుడూ నా మొగుడూ కలిసి చేసిన నిర్వాకమిది, నాలుగు వైపులా చూసుకోకుండా నోరు పారేసుకుంది నువ్వు, ఇప్పుడేమంటావు? వాకిట్లో పికప్పు ఆగేసరికి ఉపన్యాసం బాగా పదునెక్కింది. థేన్ మాత్రం దిగలేదు. ఆ ఇద్దరి మధ్యకీ పోవడం కంటే పిల్లలున్న ఎలుగుబంటి దగ్గరికి పోవడం నయమనుకున్నాడో ఏమో, స్టీరింగు పట్టుకుని అలాగే కూర్చున్నాడు.

గ్లెన్నా వరండాలో బఠాణీలు ఒలుస్తోంది. మనిషి చిక్కిపోయింది. తోడికోడల్ని చూసి లేవలేదు, కూర్చోమనలేదు, చేతిలో కాయ ఒలవడం మాత్రం ఆపింది. అదే సమయానికి ఆర్లో పెరట్లోంచి వచ్చాడు. చర్చిలో దూరంగా కూర్చునుండగా చూడటమే గాని, నడుస్తుండగా నెడ్రా అతన్ని దగ్గర్నుంచి చూడలేదు. వరండాకి నాలుగే మెట్లు. చేతికర్ర ముందు వేసి, మంచి కాలు పైకి పెట్టి, రెండో కాలుని చేత్తో ఎత్తినట్టు లాక్కుంటూ ఒక్కో మెట్టూ ఎక్కాడు. "వదినా," అన్నాడు, నిన్న సాయంత్రమే కలిసినట్టు. నెడ్రా ఉపన్యాసంలో ఒక్క మాట మిగల్లేదు.

"గ్లెన్నా," అంది, "ఆ రోజు ఆర్లో ఎక్కిన బండికి ఇన్సూరెన్సు లేదు. ఉందని నీకు చెప్పింది నేను. లేదు."

గ్లెన్నా ఒళ్ళో గిన్నె పక్కన పెట్టింది. మొహం ఎర్రబడింది.

"మూడేళ్ళ తర్వాతా చెప్పేది?"

"నాకు తెలిసింది ఇవాళే."

రంగు డబ్బా సంగతి, ఛాసిస్‌ల సంగతి, ట్విలా గీకి చూసిన సంగతి అంతా నిలబడే చెప్పింది. ఎక్కడా తనని వెనకేసుకురాలేదు, మొగుళ్ళని కూడా తిట్టలేదు. ఆర్లో నోరు తెరుచుకుని వింటున్నాడు. గ్లెన్నా అంతా విని ఒకటే అడిగింది.

"మరి వాళ్ళ ఉత్తరంలో నంబరు రాయలేదా అక్కా?"

"రాసే ఉంటారు. నేను కింద దాకా చదవలేదు. కోపమొచ్చి పొయ్యిలో పడేశాను."

ఈ ఒక్క మాట చెప్పడం నెడ్రాకి ప్రాణం మీదకొచ్చినంత పనైంది. చదివుంటే ఆ ఏడే తప్పు తెలిసేది. డబ్బు రాకపోయినా మాటలుండేవి. రెండు జులైలు ఊరికే పోయేవి కావు. నా కోపమే ఇంత చేసింది గ్లెన్నా, అంది, ఆవిడ తప్పు ఒప్పుకోవడం ఆ ఇంట్లో ఎవరూ చూసి ఎరగరు.

ముందు ఆర్లో కదిలాడు. అయితే మా షెడ్డులో ఉన్నది అన్నయ్య బండన్నమాట అంటూ, సరిచూస్తేగాని నమ్మనన్నట్టు కర్ర టకటకలాడిస్తూ అటు పోయాడు. ఆడవాళ్ళిద్దరూ వెనకే వెళ్ళారు. థేన్ కూడా అప్పటికి ధైర్యం చేసి దిగాడు.

ఆర్లో బండి షెడ్డు మూల గోనెసంచుల కింద ఉంది. దాని సీటు మీద గడ్డి పరుచుకుని ఓ గోధుమరంగు కోడి పొదుగుతోంది. అందరూ ఒక్కసారి మీద పడేసరికి అది గోల గోల చేసింది. ఆర్లో చాకు తీసి బండి మెడ మీద రంగు గీకాడు. నెడ్రా సంచిలోంచి ఇన్సూరెన్సు కాగితం తీసి ఇచ్చింది. గ్లెన్నా కళ్ళజోడు పెట్టుకుని, ఒక వేలు కాగితం మీద, ఒక వేలు ఇనుము మీద పెట్టి, ఫారమంటే తలనొప్పి వచ్చే మనిషి, ఒక్కో అంకే పైకి చదివింది. చివరి అంకె దాకా సరిపోయింది.

ఆవిడ కాగితం తిప్పి తారీకు చూసింది. మళ్ళీ చూసింది.

"ఇది ఈ ఏడాదిదే."

"అవును."

"అంటే... మనం మాటలు మానేశాక కూడా నువ్వు కడుతూనే ఉన్నావు. మా కోడి గుడ్లు పెట్టుకునే ఈ బండికి."

"నాకేం తెలుసే ఇది మీ కోడిదని?" అంది నెడ్రా.

గ్లెన్నా ముందు నవ్వింది. నవ్వి నవ్వి గోనెసంచుల మీద కూర్చుండిపోయింది, అలా నవ్వుతూనే ఏడ్చేసింది. మూడేళ్ళుగా బడి వంటగదిలో గిన్నెలు తోముతూ నిన్ను తిట్టని రోజు లేదక్కా అంది. నెడ్రా మోకాళ్ళు సహకరించకపోయినా పక్కనే కూర్చుంది. నేను మాత్రం తక్కువ తిట్టానా అంది. అన్నదమ్ములిద్దరూ ఏం చేయాలో తోచక బండి చైను పట్టుకుని పరీక్షగా చూస్తున్నారు. అప్పుడు గ్లెన్నా కళ్ళు తుడుచుకుని, నిన్ను నలుగురిలో అన్నాను, నలుగురిలోనే వెనక్కి తీసుకుంటానంది. అవన్నీ ఎందుకే అని నెడ్రా అంటే వినలేదు.

అన్నంత పనీ చేసింది. మర్నాడు నలుగురూ కౌంటీ ఆఫీసుకి పోతే అక్కడ వరసలో ఊళ్ళోవాళ్ళు ఓ పదిమంది ఉన్నారు. థేన్, ఆర్లో కాగితాల మీద సంతకాలు పెట్టి ఒకరి బండి ఒకరికి రాసిచ్చుకున్నారు. ఆ పని కాగానే గ్లెన్నా ట్విలాతో, అందరికీ వినబడేంత గొంతుతో అంది:

"ఈవిడ మా తోడికోడలు. మా ఆయన పడ్డప్పుడు ఈవిడని నేను అబద్ధాలకోరు అన్నాను. తప్పు నాది. ఈవిడ అబద్ధమాడే మనిషి కాదు."

ట్విలా నమలడం ఆపి, అలాగేనండీ అంది పాపం, ఇంకేమంటుంది? నెడ్రా సంచిలో పెన్ను వెతుకుతూ ఉండిపోయింది. పెన్ను చేతిలోనే ఉంది.

తర్వాత ఇన్సూరెన్సు ఏజెంటు దగ్గర కూర్చున్నారు. పాత సంగతి తిరగదోడటం కుదరదని అతను చెప్పాడు. కాగితాల ప్రకారం ఆ రోజు బండి ఆర్లోది, దానికి పాలసీ లేదు. థేన్ భార్య వైపు భయంగా చూశాడు. ఆవిడ కేకలేయలేదు. సరే నాయనా అంది. ఈసారి రెండు బండ్లకీ నంబర్లు దగ్గరుండి రాయించింది, మార్లీ పేరు చేర్పించింది, పాలసీ కాగితం అట్ట మీది మొదటి అక్షరం నుంచి చివర చుక్క దాకా చదివింది. ఏజెంటుకి భోజనం వేళ దాటిపోయింది. చెట్టు కేసు పెట్టకపోయినా ఆవులమ్ముకోవాల్సొస్తుంది వదినా, కట్టేద్దాం, అన్నాడు ఆర్లో.

కనుమ మీద మంచు కరిగిన కబురొచ్చింది. శనివారం తెల్లవారి అందరూ కొండ కింద చేరారు. ఇనప్పెనాలు, బంగాళాదుంపలు, బేకను మాంసం అన్నీ సామాను మోసే బండ్లకి కట్టారు. గ్లెన్నా హకల్‌బెర్రీ పండ్లతో చేసిన పై రొట్టె ఒకటి అట్టపెట్టెలో పెట్టి నెడ్రాకిచ్చింది, నువ్వు నెమ్మదిగా పోతావు కదా, పగలదు, అని. వెక్కిరింతో మెప్పో తెలియలేదు. నెడ్రా పుచ్చుకుంది.

అన్నదమ్ములు కలిసి బాగుచేసుకున్న తన పాత ఎర్ర బండి పక్కన ఆర్లో నిలబడ్డాడు. ఎక్కగలిగాడు గాని, ఆ కాలితో కిక్కు కొట్టలేడు. రెండుసార్లు ప్రయత్నించి ఆగిపోయాడు. అతని మొహంలో రంగు పోయింది. పోనీలెండి, నేను కింద ఉంటాను, మీరు పోయి రండి అన్నాడు. గ్లెన్నాకీ అదే నయమనిపించింది, ఆవిడ భయం ఆవిడది. అప్పుడు మార్లీ తన బండి దిగొచ్చింది. చిన్న తాత కూర్చునుండగానే పక్క నుంచి కిక్కు మీదెక్కి, ఒళ్ళంతా బరువేసి తన్నింది. ఇంజను అందుకుంది. ఆ పిల్ల ఏమీ జరగనట్టు పోయి తన బండెక్కింది.

థేన్ ముందు, మధ్యలో పిల్లలూ పెద్దలూ, తర్వాత మార్లీ, ఆ వెనక నెడ్రా, ఆ వెనక గ్లెన్నా, తోక బండి ఆర్లో. చెట్ల నీడలో చల్లగా ఉంది. వాగు దాటారు. వదులు రాళ్ళ దారి ఎక్కాక, దారి రెండుగా చీలిన చోట నెడ్రా ఆగి ఇంజను కట్టేసింది. మార్లీ అప్పటికే పైనున్న తర్వాతి చీలిక వైపు సాగిపోయింది. నెడ్రా వెనక్కి తిరిగి చూసింది. గ్లెన్నా లేదు.

రావాలి, వెనకే ఉంది కదా అనుకుంది. దుమ్ము అణిగిపోయింది. ఉడత ఒకటి కొమ్మ మీద అరిచి ఊరుకుంది. కింది నుంచి బండి చప్పుడు కూడా లేదు. ఆ రాళ్ళ మలుపు దగ్గరే ఆర్లో పడ్డది. నేనే పోయి తెచ్చాను వీళ్ళని, ఆనవాయితీ ఆగకూడదని తెచ్చాను, మళ్ళీ ఏమైనా అయితే ఏ మొహం పెట్టుకుని, అని నెడ్రా తనని తానే తిట్టుకుంది. కిందికి తిప్పుదామా అని హ్యాండిలు పట్టుకుంది. కదలకూడదన్నారు మామగారు. అందరూ తలో దిక్కుకి వెతుక్కుంటూ పోతే ఎవరూ ఎవరికీ దొరకరనేవాడాయన. నెడ్రా పళ్ళు బిగించి అక్కడే నిలబడింది. జీవితంలో అంత సేపు నోరు మూసుకుని ఒక చోట నిలబడటం అదే మొదటిసారి.

చివరికి చప్పుడు వినబడింది. ముందు ఒకటి, దాని వెనక ఇంకొకటి. మలుపు తిరిగి గ్లెన్నా కనబడింది, చేతి తొడుగులు మట్టి కొట్టుకుపోయి ఉన్నాయి. దగ్గరికొచ్చి ఆగింది.

"రాళ్ళు తీసి అవతల పారేశామక్కా. ఆయన ఊరుకోలేదు, పిల్లలెవరూ అక్కడ జారకూడదన్నాడు. నువ్వింకా ఇక్కడే ఉన్నావా?"

"నువ్వు కనబడందే ఎలా కదుల్తానే?" అంది నెడ్రా. చిరాగ్గా అందామనుకుంది, కుదరలేదు.

ఇంజను స్టార్ట్ చేసి పైకి సాగింది. తర్వాతి చీలిక దగ్గర మార్లీ ఆగి ఉంది. నెడ్రా కనబడగానే ఆ పిల్ల కదిలిపోవాలి, నియమం ప్రకారం అంతే. కదల్లేదు. ఫుట్‌రెస్టుల మీద లేచి నిలబడి, నానమ్మ భుజం మీదుగా, గ్లెన్నా తల మీదుగా కిందికి చూస్తోంది. పో పో అని నెడ్రా చెయ్యూపింది. పిల్ల వినలేదు. చెట్ల సందులోంచి చిన్న తాత ఎర్ర బండి కూడా బయటికొచ్చాకే తన బండి మీద కూర్చుని ముందుకి తిరిగింది.